‘మీ అప్పు సగానికి సెటిల్ చేస్తాం’ అంటూ రోజూ ఫోన్లు వస్తుంటే ఏం చేయాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇది చదివే మిగతావాళ్ళకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీ సంగతి క్లుప్తంగా చెబుతాను.

మీది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మీవారు మూడెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామి రొయ్య వేశారు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ వైరస్‌కి పోయాయి. ప్రైవేటు బ్యాంకులో పర్సనల్ లోన్ 4,20,000, రెండు క్రెడిట్ కార్డుల మీద 1,65,000, బంగారం మీద 2,10,000 ఉన్నాయి. ఇవి కాక డాక్రా గ్రూపు అప్పు, మేత కొట్టులో బాకీ. పర్సనల్ లోన్ వాయిదా నెలకు 14,200. అందులో రెండు వాయిదాలు తప్పాయి. ఇప్పుడు ఆయన భీమవరంలో రొయ్యల ప్లాంటుకు పనికి వెళ్తున్నారు, మీరు ఇంట్లో మిషను కుడుతున్నారు. ఇద్దరిదీ కలిపితే నెలకు ముప్పై వేల చుట్టూ వస్తోంది. మూడు వారాలుగా ఒక లోన్ సెటిల్‌మెంట్ కంపెనీ నుంచి రోజుకు పది పన్నెండు ఫోన్లు. అప్పు సగానికి దింపుతాం, ఈ నెల నుంచే ఈఎంఐలు ఆపేయండి, ఆ బదులు మేం చెప్పిన ఖాతాలో నెలకు 16,000 వేస్తూ ఉండండి, బ్యాంకు వాళ్ళ ఫోన్లు మేం చూసుకుంటాం, మాకు ఆర్‌బీఐ అనుమతి ఉంది అంటున్నారు. ఫీజు అప్పులో 15 శాతం, దాని మీద జీఎస్టీ. నమ్మొచ్చా, నమ్మకూడదంటే ఈ ఫోన్లు ఆపేదెలా, అసలు మన ఇంటి అప్పు సంగతి వాళ్ళకెలా తెలిసింది అని అడిగారు.

నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. ఎక్కువ కాలం నరసాపురం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల బ్రాంచీల్లోనే. చివరి తొమ్మిదేళ్ళు రికవరీ పని చూశాను. అప్పు రాబట్టే వాళ్ళు ఎలా ఆలోచిస్తారో, ఏ దశలో ఏది ఒప్పుకుంటారో, ఏ కాగితానికి విలువ ఇస్తారో దగ్గరుండి చూసినవాణ్ణి.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఆ కంపెనీకి ఒక్క రూపాయి కట్టొద్దు. వాళ్ళ మాట విని ఈఎంఐ ఆపొద్దు. వాళ్ళు చేస్తామంటున్న పని మీరే ఫీజు లేకుండా చేసుకోవచ్చు. పైగా మీకు ఇంకా కొంచెం టైము ఉంది. అది నెల రోజులే అయినా చాలా విలువైన నెల. ఎందుకో చెబుతాను.

బ్యాంకుల్లో మామూలు అప్పు ఏదైనా, కట్టాల్సిన తేదీ దాటి తొంభై రోజులు బాకీ ఉండిపోతే ఎన్‌పీఏ అవుతుంది. అంటే మొండిబాకీ కింద రాసుకుంటారు. (పంట రుణాలకు లెక్క వేరు, పంట కాలాన్ని బట్టి ఉంటుంది.) తొంభై రోజుల లోపు మీరు బ్యాంకుకు కష్టంలో ఉన్న ఖాతాదారు. దాటాక మొండిబాకీదారు. లోపు అయితే వాయిదా తగ్గించి గడువు పెంచమని అడగడానికి వీలుంది. బ్యాంకుకూ అదే మేలు, ఎందుకంటే ఖాతా ఎన్‌పీఏ అయితే మేనేజరు పైవాళ్ళకు జవాబు చెప్పుకోవాలి. దాటాక ఆ దారి దాదాపు మూసుకుపోయి సెటిల్‌మెంటు మాటలు మొదలవుతాయి. బ్యాంకు అసలులో కొంత వదులుకునేది అప్పుడే, అదీ వాళ్ళకు వేరే ఆశ లేనప్పుడు.

సెటిల్‌మెంట్ కంపెనీ మిమ్మల్ని ఈఎంఐ ఆపమనడంలో ఉన్న కిటుకు ఇదే. మీరు సక్రమంగా కడుతున్నంత కాలం వాళ్ళకు వ్యాపారం లేదు. మీరు మొండిబాకీదారు అయితేనే వాళ్ళు సెటిల్‌మెంటు అనే మాట ఎత్తగలరు. అందుకని ముందు మిమ్మల్ని ఆ గోతిలో దింపుతారు, తర్వాత పైకి లాగుతామని ఫీజు తీసుకుంటారు. ఆ దిగిన కాలంలో జరిగే నష్టం మాత్రం మీ ఖాతాలోనే పడుతుంది. క్రెడిట్ కార్డు మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం చుట్టూ ఉంటుంది. 1,65,000 మీద అది నెలకు 5,775. ఎనిమిది నెలలు ఆపితే వడ్డీ మీద వడ్డీ లెక్కపెట్టకుండానే 46,200. దాని మీద లేటు ఫీజు, జీఎస్టీ. సగానికి దింపుతామన్నది పెరిగిన ఈ మొత్తం మీదా, ఇవాళ్టి మొత్తం మీదా అని అడిగి చూడండి. సూటిగా జవాబు రాదు.

ఇంకొక సంగతి వాళ్ళు ఫోన్లో చెప్పరు. ఈఎంఐ మీ ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా వెళ్ళే ఏర్పాటు ఉంది కదా, డబ్బు లేక అది తిరిగొస్తే చెక్కు బౌన్సయినట్టే. 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షను కింద బ్యాంకు నోటీసిచ్చి, పదిహేను రోజుల్లో కట్టకపోతే క్రిమినల్ కేసు వేయవచ్చు. ప్రతి బౌన్సుకూ వేస్తారని కాదు. కానీ ‘ఏమీ కాదు, ఆపేయండి’ అని ధైర్యం చెప్పే టెలికాలర్ ఆ రోజు మీతో కోర్టుకు రాడు.

మా తోడల్లుడి కొడుకు సంగతి చెబుతాను. అంబాజీపేట వైపు కొబ్బరి వ్యాపారం. 3,10,000 పర్సనల్ లోన్. ఇలాంటి ఫోన్ నమ్మి ఆరు నెలల పాటు నెలకు 9,500 చొప్పున కంపెనీకి కట్టాడు, మొత్తం 57,000. బ్యాంకు వాళ్ళ ఫోన్లు వస్తే కంపెనీ నంబరుకు మళ్ళేలా ఫార్వర్డింగ్ పెట్టించారు. బ్యాంకులో ఈమెయిల్ కూడా మార్పించి తమది పెట్టించారు. ఫోన్లు ఆగాయి కదా, ఇంట్లో అందరికీ ప్రాణం కుదుటపడింది. ఏడో నెలలో ఇంటికి మనుషులు వచ్చారు.

అప్పుడు నా దగ్గరికి ఒక ప్లాస్టిక్ ఫైలు పట్టుకొచ్చాడు. అందులో పద్నాలుగు పేజీల ఇంగ్లీషు ఒప్పందం. పదకొండో పేజీలో, కట్టిన ఫీజు ఏ పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వబడదని ఉంది. బ్యాంకుకు పంపామని చెప్పిన ఉత్తరాల కాపీలు రెండు. నేను వాటిని లోన్ పాసుపుస్తకం పక్కన పెట్టి అంకె అంకె చూశాను. ఖాతా నంబరులో ఒక అంకె తప్పు. బ్యాంకులో ఆ ఉత్తరం ఏ ఖాతాదో ఎవరికీ తెలియలేదు, ఎక్కడో పడి ఉంది. ఆరు నెలల్లో వాళ్ళు చేసిన పని మొత్తం ఆ రెండు కాగితాలే. ఈలోపు ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ముందు బాకీ తేల్చడం) నోటీసు వచ్చింది. అది వెళ్ళింది కంపెనీ ఈమెయిల్‌కి, వాడికి తెలియనే తెలియదు. బాకీ 3,86,000 అయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అలా అయింది ఆ పిల్లవాడి పని. చివరికి మేమిద్దరం బ్రాంచికి వెళ్ళి కూర్చుంటే మేనేజరు గారు మర్యాదగానే మాట్లాడారు. ‘ఆరు నెలల కిందట మీరే వచ్చి ఉంటే గడువు పెంచేవాళ్ళం కదండీ’ అన్నారు. ఆ మాటకు వాడు తల దించుకుని ఏడ్చాడు. మీకు ఇంత పొడవుగా రాయడానికి కారణం ఆ రోజే.

కాబట్టి బ్యాంకులో మీ ఫోన్ నంబరు, ఈమెయిల్, చిరునామా ఎవరు చెప్పినా మార్చకండి. నోటీసు మన చేతికి రావాలి. దానికి భయపడటం కంటే అది మనకు అందకపోవడం ప్రమాదం.

ఆర్‌బీఐ అనుమతి గురించి. బ్యాంకులకూ ఫైనాన్స్ కంపెనీలకూ ఆర్‌బీఐ లైసెన్సు ఇస్తుంది. లోన్ సెటిల్‌మెంట్ చేసిపెట్టే కంపెనీలకు అలాంటి లైసెన్సు అనేదే లేదు. లేనిదాన్ని ఉందని చెప్పారంటే మిగతా మాటలు ఎంతవరకు నిజమో మీరే ఆలోచించండి. 2023 డిసెంబరు 11న ఆర్‌బీఐ స్వయంగా ఒక హెచ్చరిక ఇచ్చింది. కొందరు పేపర్లలో, సోషల్ మీడియాలో ప్రచారం చేసుకుని, ఫీజు తీసుకుని, రుణమాఫీ సర్టిఫికెట్లు ఇస్తామంటున్నారు, వాళ్ళకు ఏ అధికారమూ లేదు, నమ్మకండి అని. మన వైపు మాఫీ అనే మాటకు బలం ఎక్కువ. 2008లో కేంద్రం చేసిన మాఫీ చూశాం, 2014 తర్వాత రాష్ట్రంలో రైతు రుణమాఫీ చూశాం. అందుకే ఫోన్లో మాఫీ అనగానే మనసు అటు లాగుతుంది. ఆ రెండు మాఫీలకూ రైతు ఎవరికీ ఫీజు కట్టలేదని గుర్తు తెచ్చుకోండి.

కొందరు మాది లాయర్ల సంస్థ అంటారు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం న్యాయవాది పని కోసం ప్రచారం చేసుకోకూడదు, మనుషులను పెట్టి కేసులు పట్టకూడదు. 36వ నియమం అది. నిజమైన ప్లీడరు గారెవరూ మీకు రోజుకు పన్నెండు సార్లు ఫోన్ చేయించరు.

మీ సంగతి వాళ్ళకెలా తెలిసిందంటే, ఫలానా చోట అని తేల్చి చెప్పడం కష్టం. కానీ దారులు తెలుసు. ‘ఫ్రీగా క్రెడిట్ స్కోర్ చూసుకోండి’ అనే యాప్‌లో పాన్ నంబరు కొట్టి, ఓటీపీ వేసి, కింద చిన్న అక్షరాల దగ్గర టిక్ పెట్టి ఉంటారు. లేదా అర్జంటుగా ఐదు వేల కోసం లోన్ యాప్ దింపి కాంటాక్టులన్నీ చూసుకోమని అనుమతి ఇచ్చి ఉంటారు. లేదా మొదటి ఫోన్లోనే ‘మీ అర్హత చూస్తాం, ఓటీపీ చెప్పండి’ అంటే చెప్పి ఉంటారు. ఆ ఓటీపీతో మీ సిబిల్ రిపోర్టు, అంటే మీ అప్పులూ వాయిదాల చరిత్ర అంతా, వాళ్ళ ముందు తెరుచుకుంటుంది. అందుకే ఏ బ్యాంకులో ఎంత ఉందో అంత కచ్చితంగా చెప్పగలుగుతున్నారు. అన్నీ తెలిసినట్టు మాట్లాడారు కాబట్టి నిజమైన సంస్థే అనుకోకండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. వాళ్ళ సొంత వెబ్‌సైట్లలోనే తీసుకోండి. మీ వివరాలు ఎవరెవరు తెప్పించుకున్నారో అందులో ఎంక్వైరీల దగ్గర కొంతవరకు కనిపిస్తుంది. మీకు తెలియని అప్పు మీ పేరున ఉందేమో కూడా చూసుకోవచ్చు.

ఇక ఫోన్ల సంగతి. ముందు ఎవరి ఫోనో విడదీసుకోవాలి. మీకు వచ్చేవన్నీ ఒకటి కాదు. బ్యాంకు వాళ్ళో, వాళ్ళు పెట్టిన రికవరీ ఏజెంట్లో చేసే ఫోన్లు వేరు. అవి ఎత్తాలి, మర్యాదగా మాట్లాడాలి, ఫలానా రోజు బ్రాంచికి వస్తున్నానని చెప్పాలి. వాళ్ళకూ హద్దులున్నాయి. ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. తిట్టకూడదు, బెదిరించకూడదు, మీ అత్తవారికీ చుట్టాలకూ ఫోన్ చేసి పరువు తీయకూడదు. ఇంటికి వస్తే గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన ఉత్తరం చూపించాలి. హద్దు దాటితే తేదీ, టైము, నంబరు రాసి బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. దానికి ఖర్చు లేదు. వివరాలకు 14448కి ఫోన్ చేయవచ్చు.

సెటిల్‌మెంట్ కంపెనీ ఫోన్లతో మాత్రం మర్యాద కోసం మాట్లాడుతూ కూర్చోకండి. మన వైపు ఆడవాళ్ళకు ఫోన్ టప్పున పెట్టేయడం చేతకాదు, అవతలి వాళ్ళు ‘అక్కా, అమ్మా’ అని మొదలుపెడతారు కూడా. వాళ్ళకు కావలసింది అదే. ఒక నిమిషం విన్నారంటే మీ పేరు పక్కన ‘ఆసక్తి ఉంది’ అని రాసుకుంటారు, మరునాడు ఇంకో మనిషి చేస్తాడు. ఒకే ఒక్క మాట తయారుగా పెట్టుకోండి. ‘నా అప్పు గురించి ఫోన్లో మాట్లాడను. నాకు మీ సేవ అవసరం లేదు. మళ్ళీ చేస్తే 1909కి ఫిర్యాదు చేస్తాను.’ అంతే, పెట్టేయండి. ఎంత అప్పు, ఎంత ఆదాయం, ఏ బ్యాంకు అనే వాటికి అవునని గానీ కాదని గానీ అనొద్దు. ఆధార్ చివరి నాలుగంకెలు కూడా చెప్పొద్దు. లింకు వస్తే నొక్కొద్దు.

మిషను పక్కన కొలతలు రాసుకునే నోటుబుక్కు ఉంటుంది కదా, దాని వెనక పేజీలో గీత గీసి నంబరు, తేదీ, టైము రాస్తూ ఉండండి. 1909 అనేది అన్ని కంపెనీల సిమ్‌లకూ ఒకటే. ‘స్టార్ట్’ అని ఇంగ్లీషులో కొట్టి, కొంచెం ఖాళీ వదిలి, సున్నా పెట్టి ఆ నంబరుకు మెసేజ్ పంపితే ప్రచార ఫోన్లన్నీ వద్దని నమోదవుతుంది. ఫోన్ చేసి కూడా చెప్పొచ్చు. అయినా వస్తే ఫోన్ వచ్చిన ఏడు రోజుల్లోపు అదే 1909కి ఫిర్యాదు చేయాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో నియమాలు మార్చింది. మామూలు పది అంకెల నంబర్ల నుంచి వచ్చే ప్రచార ఫోన్ల మీద ముందుగా నమోదు చేసుకోకపోయినా ఫిర్యాదు చేయవచ్చు. ప్రచార ఫోన్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలి, బ్యాంకులు మన ఖాతా పని మీద చేసే ఫోన్లు 1600తో మొదలయ్యే వాటి నుంచి రావాలి అన్నది నియమం. మామూలు మొబైల్ నంబరు నుంచి చేసి ‘బ్యాంకు తరఫున సెటిల్‌మెంటు’ అంటే అనుమానించాల్సిందే. బ్యాంకు మనిషినని గానీ, ఆర్‌బీఐ, పోలీసు, కోర్టు అని గానీ అబద్ధం చెప్పి మోసానికి ప్రయత్నిస్తే కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో చక్షు అనే చోట ఆ నంబరు మీద ఫిర్యాదు పెట్టండి. ఒక నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి వస్తాయి, నిజమే. విసుగు పడకుండా ఓ పది రోజులు ఇలాగే చేస్తే బాగా తగ్గుతాయి. చాలామంది విషయంలో చూశాను.

ఇప్పుడు అసలు పని. ఈ వారంలోనే మీరిద్దరూ పర్సనల్ లోన్ ఇచ్చిన బ్రాంచికి వెళ్ళండి. మీవారికి ప్లాంటులో ఒక పూట సెలవు దొరకదంటే డ్యూటీ మార్పించుకోమనండి, సంతకం ఆయనదే కాబట్టి ఆయన ఉండాలి. నోటితో చెప్పి వచ్చేయొద్దు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి. లోన్ నంబరు, తప్పిన వాయిదాలు ఎన్ని, చెరువు ఏ నెలల్లో పోయింది, ఇప్పుడు ఆదాయం ఎంత, నెలకు ఎంత కట్టగలరు, అందుకోసం గడువు ఎన్ని నెలలు పెంచాలి. ఆ కాగితానికి చెరువు లీజు కాగితం, సీడు, మేత బిల్లులు, ప్లాంటు జీతం కాగితం జతపరచండి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద రౌండు ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ‘ముద్ర ఎందుకమ్మా, నేను చూస్తాలే’ అంటే ‘మా ఫైల్లో పెట్టుకోవాలండీ’ అని నవ్వుతూ నిలబడండి. ముద్ర లేని కాపీకి రేపు విలువ ఉండదు. ప్రైవేటు బ్యాంకులో కింది స్థాయి వాళ్ళు ‘మా చేతుల్లో లేదు, అంతా పైన’ అంటారు. అది కొంత నిజమే. అలాగైతే బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారి ఈమెయిల్‌కి అదే కాగితం ఫొటో తీసి పంపండి.

లెక్క చూడండి. 4,20,000 మీద 14,200 వాయిదా అంటే 13 శాతం వడ్డీ మీద ఇంకా మూడేళ్ళ చుట్టూ ఉన్నట్టు. అదే వడ్డీకి గడువు ఐదేళ్ళు చేస్తే వాయిదా 9,600 దగ్గరకు వస్తుంది. మొత్తం మీద వడ్డీ ఓ 62,000 ఎక్కువ కడతారు, అది దాచను. క్రెడిట్ కార్డుల వాళ్ళను బాకీ మొత్తం ఈఎంఐల కింద మార్చమని అడగండి. 36 నెలలకు, 18 శాతం మీద ఇస్తే నెలకు ఆరు వేల లోపు పడుతుంది. కార్డులు మళ్ళీ వాడకూడదు, ఇది మాత్రం ఖచ్చితం. రెండూ కలిపితే 15,600. సెటిల్‌మెంట్ కంపెనీ మిమ్మల్ని నెలకు వేయమన్నది 16,000. వాళ్ళకు వేస్తే అందులోంచి ముందు వాళ్ళ ఫీజు పోతుంది. 5,85,000 మీద 15 శాతం అంటే 87,750, జీఎస్టీతో 1,03,545. అంటే మొదటి ఆరేడు నెలలు మీరు వేసే డబ్బంతా ఫీజుకే సరి. ఆ కాలమంతా బ్యాంకుకు ఒక్క రూపాయి వెళ్ళదు.

బ్యాంకు ఒప్పుకోవాలని చట్టం ఏమీ లేదు, వాళ్ళ ఇష్టమే. ఒప్పుకోకపోతే, ఖాతా ఎన్‌పీఏ అయితే అప్పుడు సెటిల్‌మెంటు మాట మీరే ఎత్తవచ్చు. బ్యాంకులు రాజీ ఒప్పందాలకు సొంత విధానం పెట్టుకోవాలని 2023 జూన్ 8న ఆర్‌బీఐ చెప్పింది. మధ్యలో ఏ కంపెనీ అక్కర్లేదు. సెటిల్ అయితే ఒప్పంద పత్రం బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఉండాలి. ఎంత కట్టాలి, ఏ తేదీలోపు, దాంతో బాకీ పూర్తిగా తీరినట్టేనా అన్నవి అందులో ఉండాలి. డబ్బు మీ లోన్ ఖాతాలోకే వెళ్ళాలి, ఏజెంటు ఫోన్‌పేకి కాదు. సెటిల్ చేసుకుంటే సిబిల్‌లో ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడుతుంది. అది ఏడేళ్ళు కనిపిస్తుంది. పిల్లల చదువు లోన్ అవసరం పడే వయసా మీ పిల్లలది, అది కూడా లెక్కలో పెట్టుకోండి. అందుకే సెటిల్‌మెంటును ఆఖరి దారిగా ఉంచమంటాను, మొదటిదిగా కాదు.

ఒకవేళ కోర్టు నోటీసు దాకా వస్తే లోక్ అదాలత్ ఉంది. కోర్టు ఫీజు ఉండదు, అక్కడ రాజీ కుదిరితే అదే తుది తీర్పు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరును పెడతారు. నరసాపురం, భీమవరం కోర్టుల్లో మండల న్యాయ సేవా కమిటీలున్నాయి, ఏలూరులో జిల్లా సంస్థ ఉంది. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. సలహా మాత్రమే కావాలంటే జిల్లాలో బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంకు నడిపే ఆర్థిక అక్షరాస్యత కేంద్రంలోనూ డబ్బు తీసుకోరు.

మిగతా అప్పుల గురించి రెండు మాటలు. బంగారం అప్పు జోలికి సెటిల్‌మెంట్ కంపెనీ రాలేదు, ఎందుకంటే అక్కడ బ్యాంకు చేతిలో నగ ఉంది. వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకోండి, వేలం దాకా రానివ్వకండి. ఇంకో మాట, చెప్పడానికి నాకు మనసు రాదు కానీ చెప్పాలి. బ్యాంకులో బంగారం అప్పు వడ్డీ ఏడాదికి పది శాతం అటూ ఇటూ. కార్డు వడ్డీ ఏడాదికి నలభై దాటుతుంది. ఈఎంఐ కింద మార్చడానికి కార్డు వాళ్ళు ఒప్పుకోకపోతే, పుట్టింటి నగ కాకుండా వేరే ఏదైనా ఒకటి విడిపించి అమ్మి కార్డు బాకీ తీర్చేయడం మంచిదే. నగ మళ్ళీ కొనుక్కోవచ్చు.

డాక్రా వాయిదా మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తప్పకండి. అది తప్పితే మిగతా ఆడవాళ్ళందరి అప్పూ ఆగుతుంది, రేపు కష్టంలో మీకు నిలబడేది ఆ గ్రూపే. మేత కొట్టు వారితో ఎదురుపడి మాట్లాడండి. వాళ్ళకు ఈ రెండేళ్ళలో చాలా చెరువుల మీద బాకీలు ఆగిపోయి ఉంటాయి, మీరు తప్పించుకు తిరగడం లేదని తెలిస్తే చాలు. నోటు రాసి ఉంటే, కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయించుకోండి. పాత వడ్డీ కలిపి కొత్త నోటు రాయమంటే వెంటనే సంతకం పెట్టకండి, నాలుగు రోజులు ఆగి ఎవరికైనా చూపించండి.

ఇప్పటికే ఆ కంపెనీకి ఏమైనా కట్టి ఉంటే (మీరు రాయలేదు, కానీ చాలామంది సిగ్గుపడి చెప్పరు) ఈ రోజే ఆటో పేమెంట్ ఆపించండి. యూపీఐ యాప్‌లో ఆటోపే దగ్గర రద్దు చేయవచ్చు, బ్యాంకు ద్వారా పెట్టిందైతే బ్రాంచిలో కాగితం ఇవ్వాలి. ఫోన్లో కాల్ ఫార్వర్డింగ్ ఉందేమో చూసి తీసేయండి. ఒప్పందం రద్దు చేసుకుంటున్నామని, కట్టింది తిరిగివ్వమని స్పీడ్ పోస్టులో రాయండి. ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. పూర్తిగా మోసమని తేలితే, డబ్బు పోయిన గంటల్లోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపే వీలు అంత ఎక్కువ.

రెండో వాయిదా తప్పిన తేదీ కాదు, మొదటిది తప్పిన తేదీ చూసి అక్కడి నుంచి తొంభై రోజులు క్యాలెండరు మీద లెక్కపెట్టండి. ఆ రోజు చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీయండి. బ్రాంచిలో కాగితం ఇచ్చేటప్పుడు, చేతిలో ఎంత ఉంటే అంత, ఐదు వేలయినా సరే, లోన్ ఖాతాలో కట్టి ఆ రసీదు కూడా కాగితానికి జతపరచండి. తొమ్మిదేళ్ళు బల్లకు అవతల కూర్చుని చూశాను కాబట్టి చెబుతున్నాను, డబ్బు కట్టిన రసీదుతో వచ్చిన దరఖాస్తును మేం ముందు తీసేవాళ్ళం.